రాతి మీద అంకె ఉంది, పేర్లు లేవు: యుద్ధానికి వెళ్ళొచ్చినవాళ్ళ జాబితాను ఒక గోదావరి పల్లె తనే రాసుకున్న తీరు (కేస్ స్టడీ)

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటిష్ సర్కారు మన దేశంలో చాలా ఊళ్ళలో ఒకే మూసలో పాలరాతి పలకలు పెట్టించింది. ఇంగ్లీషులో రెండు ముక్కలు. ఈ ఊరి నుంచి 1914–1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వాళ్ళలో ఇంతమంది ప్రాణాలిచ్చారు. ఊరు మారితే ఊరి పేరూ అంకెలూ మారతాయి తప్ప మిగతాదంతా అదే. వెళ్ళినవాళ్ళ పేర్లు మాత్రం ఉండవు.

మేం పనిచేసిన ఊళ్ళో ఆ పలక పాత బడి వరండా గోడకు ఉండేది. సున్నం వేసేవాళ్ళు గోడతోపాటు దాని మీదా ఓ చెయ్యి వేసి పోతూ ఉండటంతో అక్షరాలు సగం పూడిపోయాయి. నాడు-నేడు కింద కొత్త గదులు కడతామని పాత వరండా పడగొట్టే సమయంలో ఊళ్ళో రిటైరైన హిందీ మాస్టారొకాయన మాకు ఫోన్ చేశారు. మాది పాత కాగితాలూ ఫొటోలూ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టే చిన్న బృందం. ఊరివాళ్ళు పిలిస్తేనే వెళ్తాం. మాస్టారు అడిగింది ఒక్కటే, రాయి ఎలాగూ ఊడదీస్తున్నారు కదా, కనీసం దాని ఫొటో తీసి ఎక్కడన్నా పెట్టండి అని. ఊరు పశ్చిమగోదావరి డెల్టాలోది. పేజీలో పెట్టని గొడవల గురించి కూడా ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఊరి పేరూ, పలక మీది అంకే చెప్పడం లేదు.

పలకను శుభ్రం చేసి, పక్కనుంచి లైటు వేసి ఫొటో తీశాం. చదివిన నలుగురూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "ఎవరండీ వీళ్ళంతా?" ప్రాజెక్టు మొత్తం ఆ ప్రశ్న మీదే నడిచింది, మేం చేసిందల్లా ఆ ప్రశ్నకు మేమే జవాబు చెప్పేయకుండా ఆగడం.

మన వైపు జ్ఞాపకం ఎందుకు పలచన

కొంచెం నేపథ్యం చెప్పాలి. మొదటి యుద్ధంలో భారత సైన్యంలో పనిచేసినవాళ్ళు దాదాపు 13 లక్షలు, చనిపోయినవాళ్ళు 74 వేల దాకా. రెండో యుద్ధంలో 25 లక్షలు, 87 వేలు. కానీ ఆ కథ ఎక్కడ చదివినా పంజాబు, నేపాల్, గఢ్వాల్. 1880లలో మద్రాసు సైన్యానికీ ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికీ అధిపతిగా ఉన్న లార్డ్ రాబర్ట్స్‌కి దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని గట్టి నమ్మకం. "యుద్ధ జాతులు" అనే ఆ సిద్ధాంతం దెబ్బకి మద్రాసు పదాతి దళాలు ఒక్కొక్కటే తగ్గిపోతూ వచ్చి, 1928 నాటికి రెగ్యులర్ బెటాలియన్లన్నీ రద్దయిపోయాయి. రెండో యుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి మద్రాస్ రెజిమెంట్‌ని మళ్ళీ లేపారనుకోండి. అప్పటిదాకా మనవాళ్ళకు మిగిలిన దారుల్లో ముఖ్యమైనవి బెంగుళూరులోని మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్, పయనీర్లు, కూలీ దళాలు, మోత దళాలు. అంటే వంతెనలు కట్టడం, రోడ్లు వేయడం, కందకాలు తవ్వడం, బరువులు మోయడం. ఇంటికొచ్చి మనవలకు చెప్పుకునే వీరగాథ అందులో తక్కువ. అందుకే ఊళ్ళో చాలా ఇళ్ళలో "మా ముత్తాత బస్రా వెళ్ళొచ్చాడు" అన్న ఒక్క వాక్యం మిగిలింది, బస్రా ఇరాక్‌లో ఉందని గానీ, ఎందుకెళ్ళాడని గానీ ఎవరికీ పట్టలేదు.

పంజాబు విషయంలో లాహోర్ మ్యూజియంలో ఊరివారీగా రాసిన రిజిస్టర్లు దొరికాయి. వాటిలో సుమారు 3,20,000 మంది వివరాలున్నాయి, 2021లో వాటిని ఆన్‌లైన్‌లోకి ఎక్కించడం మొదలైంది. అక్కడ మనవడు ఊరి పేరు కొట్టి తాత పేరు చూసుకోవచ్చు. మేం అంకె ఒక్కటీ పట్టుకుని మొదలుపెట్టాం.

ఫారం పెడితే ఎవరూ రారు

మాకంటే ముందు ఇంకో సంస్థ ఆ చుట్టుపక్కల ఇదే పని మొదలుపెట్టి వదిలేసింది. వాళ్ళు ఒక ఆన్‌లైన్ ఫారం తయారుచేసి, "మీ పూర్వీకుల సైనిక సేవా వివరాలు సమర్పించండి" అని ఫేస్‌బుక్‌లో పెట్టారు. రెజిమెంట్, ర్యాంకు, సర్వీసు నంబరు, పనిచేసిన రంగం, తేదీలు. సగం గడులకు చుక్క గుర్తు, నింపకపోతే ముందుకు పోదు. వచ్చిన కాసిన్ని జవాబులూ 1971, కార్గిల్ యుద్ధాల్లో పనిచేసినవాళ్ళ పిల్లలవి, కాగితాలు చేతిలో ఉన్నవాళ్ళవి. పాత యుద్ధాల గురించి దాదాపు ఏమీ రాలేదు. ఆ ఫారం ఫోన్లో తెరిచిన ఒకాయన్ని అడిగితే, "అవన్నీ తెలిస్తే మిమ్మల్నెందుకండీ అడుగుతాం" అన్నాడు. నాకు ఈ రంగంలో ఇంతకంటే మంచి విమర్శ ఎవరూ చెప్పలేదు.

లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంవాళ్ళు 2014 మే నుంచి 2019 మార్చి దాకా నడిపిన లైవ్స్ ఆఫ్ ద ఫస్ట్ వరల్డ్ వార్ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. 77 లక్షలకు పైగా మనుషుల పేజీలు అందులో ఉన్నాయి. జనాన్ని ఖాళీ పేజీ ముందు కూర్చోబెట్టలేదు వాళ్ళు. మెడల్ కార్డుల వంటి పాత రికార్డుల నుంచి పేరు, నంబరు తీసి ప్రతి మనిషికీ ముందే ఒక చిన్న పేజీ వేసిపెట్టారు. వచ్చినవాళ్ళు దానికి ఏదో ఒక ముక్క కలిపారు, ఊరి స్మారకంలోని పేర్లన్నీ ఒక గుంపుగా చేర్చుకున్నారు. మనిషికి ఖాళీ కాగితం చూపిస్తే భయపడతాడు, సగం రాసిందో తప్పు రాసిందో చూపిస్తే ఊరుకోలేడు. ఊరితో పని అంటే ఆ ఊరుకోలేకపోవడాన్ని వాడుకోవడమే అని నా అభిప్రాయం.

ఫ్లెక్సీ

కాబట్టి మేం ఒక ఫ్లెక్సీ కొట్టించాం. పైన పలక ఫొటో, దాని కింద తెలుగులో ఆ రెండు వాక్యాలు, ఆ కింద పలక మీద ఎంత అంకె ఉందో అన్ని ఖాళీ గీతలు, వరస నంబర్లతో. అడుగున ఒక ఫోన్ నంబరు, మాస్టారిది. రావిచెట్టు దగ్గర కట్టాం. ఊళ్ళో దాని మీద మొదట నడిచిన చర్చంతా ఫ్లెక్సీ మీద నాయకుడి ఫొటో ఒక్కటీ లేదేంటని. ఏ పార్టీవాళ్ళు కట్టారో తేలక రెండు వర్గాలవాళ్ళూ దగ్గరికొచ్చి చదివారు, అది మాకు కలిసొచ్చింది.

ఆన్‌లైన్ పేజీ కూడా అచ్చం అలాగే ఉంటుంది, అవే గీతలు, అవే నంబర్లు. పేరు తేలిన గీత మీద నొక్కితే ఆ మనిషి పేజీ తెరుచుకుంటుంది. తేలనివి ఖాళీగానే ఉంటాయి. డిజైన్ చేసినవాళ్ళు ఖాళీలు బాగోవు, తేలినవి మాత్రమే చూపిద్దాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ ఖాళీలు చూసే గదా జనం ఫోన్ చేసేది.

మొదటి పేర్లు కుటుంబాల నుంచి కాకుండా పక్కింటివాళ్ళ నుంచి వచ్చాయి. సొంతవాళ్ళు "మా తాత గురించి మేమే ఎలా చెప్పుకుంటాం" అని ఆగితే పక్కవాళ్ళు "వాళ్ళింటినే మిలిటరీవాళ్ళిల్లు అంటాం గదండీ" అని చెప్పేశారు. ఇళ్ళకున్న ఈ పిలుపులు మాకు పెద్ద ఆధారమయ్యాయి. మరో ఆధారం మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన భూములు. ఆ చెక్కని ఇప్పటికీ మిలిటరీ పొలం అంటారు, అది ఎవరికి పట్టా ఇచ్చారో పాత రెవెన్యూ కాగితాల్లో ఉంటుంది. చేతులు మారిన పొలం గురించి అడిగితే ఎక్కడ కొత్త తగాదా లేస్తుందోనని టెన్షన్ పడ్డాం, అందుకే సర్వే నంబర్లు పేజీలో ఎక్కించలేదు, పేరుకి ఆధారంగా మాత్రమే చూసుకున్నాం.

భార్య పేరుతో దొరికిన మనిషి

రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున చనిపోయినవాళ్ళ సమాధులూ స్మారకాలూ చూసుకునే సంస్థ కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. దాని డేటాబేస్ గురించి చాలామందికి తెలుసు, కానీ మన పేర్లతో దాన్ని ఎలా వెతకాలో తెలియక వదిలేస్తారు. రెండు సంగతులు ముందే తెలియాలి. ఒకటి, అందులో ఉండేది చనిపోయినవాళ్ళు మాత్రమే, అదీ 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 మధ్యా, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 మధ్యా. వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు అక్కడ దొరకరు. రెండు, ఇంటిపేరు సరిగ్గా ఉంటుందని ఆశ పెట్టుకోకూడదు. రిక్రూట్ చేసుకున్న గుమాస్తాకి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు, ఒకే పేరు నాలుగు రకాల స్పెల్లింగులతో ఉంటుంది. అందుకే మేం మనిషి పేరుతో వెతకడం మానేసి, అదనపు సమాచారం అనే గడిలో జిల్లా పేరు కొట్టాం. అది కూడా ఆనాటి జిల్లా పేరే కొట్టాలి. 2022లో పుట్టిన కొత్త జిల్లాల పేర్లు కొడితే సున్నా వస్తుంది. పశ్చిమగోదావరి 1925లో ఏర్పడింది కాబట్టి రెండో యుద్ధం నాటి రికార్డుల్లో ఆ పేరు ఉంటుంది. వచ్చిన జాబితాని దింపుకుని ఊరి పేరును పోలిన స్పెల్లింగులన్నీ చేత్తో ఏరుకున్నాం.

ఏరగా మిగిలినవాటిలో ఒక సాపర్ ఉన్నాడు. ఊరి దేవుడి పేరే అతని పేరు, ఆ పేరుతో ఊళ్ళో ప్రతి వీధిలో ఒకరుంటారు. పేరు ఉన్నది రంగూన్ మెమోరియల్ మీద, అంటే సమాధి తెలియనివాళ్ళ జాబితాలో. మగవాళ్ళని కూర్చోబెట్టి అడిగితే ముగ్గురు మా వంశమే అన్నారు. ఎటూ తేలలేదు. ఆ సాయంత్రం మాస్టారి అరుగు మీద ఆ రికార్డుని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, ఆఖర్న ఫలానా ఆవిడ భర్త అని. లోపల కూరగాయలు తరుగుతున్న ఒక పెద్దావిడ కత్తిపీట అలాగే వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. "ఆవిడ మా పెద్దత్తగారండీ. నెలనెలా బెంగుళూరు నుంచి మనియార్డరు వచ్చేది ఆవిడకి." ఆ మూడు వంశాల్లో ఏదో అక్కడికక్కడే తేలిపోయింది. మనియార్డరు రసీదు ముక్క కూడా తర్వాత దొరికింది, దాని మీద నంబరు రికార్డులో నంబరుతో సరిపోయింది.

ఆ రోజు నుంచి మా పద్ధతి మార్చాం. మగవాళ్ళని "మీ ఇంట్లో ఎవరు యుద్ధానికెళ్ళారు" అని అడగడం తగ్గించి, ఆడవాళ్ళని "ఎవరికి మనియార్డర్లు వచ్చేవి, ఎవరు ఒంటరిగా పిల్లల్ని పెంచారు" అని అడిగాం. చాలా పేర్లు ఇలాగే వచ్చాయి. ప్రతి పేజీలో భార్య పేరు, తల్లి పేరు తెలిస్తే తప్పకుండా ఉంటాయి, ఇది మా నియమం.

ఎవరు లెక్కలోకి వస్తారు

అసలు గొడవంతా ఇక్కడ. మెడల్స్ తెచ్చి చూపించండి అని బడిలో ఒక ఆదివారం పెట్టాం. (గుడి మంటపం ఇస్తామన్నారు, వద్దన్నాం. అక్కడైతే పేటవాళ్ళు, అంటే దళితవాడవాళ్ళు, సగంమంది రారని మాస్టారు చెవిలో చెప్పారు. బడికి అందరూ వచ్చారు.) మొదటి యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ మీద ఒక పక్క ఐదో జార్జి తల, రెండో పక్క గుర్రం మీద మనిషి ఉంటాడు. అంచున, లైటు వంచి చూస్తే, నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. ఈ అంచు సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, వందేళ్ళుగా రాజుగారి బిళ్ళ అనుకుని పెట్టెలో ఉంచుకున్నారు. సైనికులకి ఆ మెడల్ వెండిది. అందుకే చాలా ఇళ్ళలో అది మిగల్లేదు, పట్టీలుగానో మొలతాడుగానో మారిపోయింది. బల్ల మీదకి వచ్చినవాటిలో ఎక్కువ కంచువి.

కంచు మెడల్ కూలీ దళాలవాళ్ళకీ మోత దళాలవాళ్ళకీ ఇచ్చింది. కరిగించినా డబ్బులు రావు కాబట్టి బతికిపోయింది. అవి తెచ్చినవాళ్ళు దాదాపు అందరూ పేటవాళ్ళే.

ఊళ్ళో ఒకరిద్దరు పెద్దలు వెంటనే అన్నారు, వీళ్ళు సైనికులు కారు, కూలికెళ్ళినవాళ్ళు, వేరే జాబితా పెట్టండి అని. మర్యాదగానే అన్నారు, కానీ గదిలో గాలి మారిపోయింది. మేం బయటివాళ్ళం, మేం తీర్పు చెబితే అక్కడితో పని ఆగిపోతుంది. నేను రికార్డు చూపించాను. వార్ గ్రేవ్స్ కమిషన్ తన డేటాబేస్‌లో వంటవాళ్ళనీ, నీళ్ళు మోసినవాళ్ళనీ, కంచర గాడిదలు తోలినవాళ్ళనీ, సైన్యం లెక్కల్లో ఫాలోయర్స్ అనేవాళ్ళని, సైనికుల పక్కనే రాసుకుంది. అదే కమిషన్ తరఫున 2021లో వచ్చిన నివేదిక గురించి కూడా చెప్పాను. ఆ నివేదిక ప్రకారం మొదటి యుద్ధంలో చనిపోయిన 45 వేల నుంచి 54 వేల మందికి, ఎక్కువగా భారతీయులకీ ఆఫ్రికన్లకీ, తెల్లవాళ్ళతో సమానంగా స్మారకం దక్కలేదు; కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గుర్తింపే లేదు, లేదా అసలు గుర్తింపే లేదు. బస్రా స్మారకం మీద భారతీయ సిపాయిల పేర్లు చెక్కకుండా రెజిమెంటు కింద ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు, ఆఫీసర్లకి మాత్రం పేర్లున్నాయి. ఇది విన్నాక ఒక కంచు మెడల్ పట్టుకున్న కుర్రాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు, "బస్రాలో వాళ్ళు మీకు చేసిందే ఇక్కడ మీరు మాకు చేద్దామంటున్నారు" అన్నాడు. మేం వెయ్యి స్లైడ్లు చూపించినా అంత సూటిగా చెప్పలేం.

ఒకటే జాబితా అని ఖాయమైంది. హోదాల వరసలో పెడితే మళ్ళీ పైనా కిందా మొదలవుతుందని అక్షరక్రమం ఎంచుకున్నారు, అది ఊరి కమిటీ నిర్ణయం, మాది కాదు. అలిగి రాకుండా పోయిన ఒక కుటుంబం ఉంది, వాళ్ళ తాత పేజీలో ఫొటో ఇప్పటికీ లేదు.

రెండో యుద్ధం, బర్మా, ఆజాద్ హింద్ ఫౌజ్

పలక మొదటి యుద్ధానిదే. కానీ రెండో యుద్ధం గురించి మాట్లాడకుండా ఊరిని ఆపడం ఎవరి తరమూ కాదు, చూసిన పిల్లలు కొందరు పెద్దవాళ్ళై ఇంకా ఉన్నారు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖల మీద జపాన్ బాంబులు పడ్డప్పుడు ఊళ్ళోకి పట్నంవాళ్ళు ఎలా పరుగెత్తుకొచ్చారో చెప్పినవాళ్ళున్నారు. దాని కోసం రెండో జాబితా తెరిచాం, దానికి అంకె లేదు కాబట్టి ఖాళీ గీతలూ లేవు, నిజం చెప్పాలంటే అందుకే అది కాస్త నెమ్మదిగా నడిచింది.

"మా తాత బర్మా నుంచి నడిచొచ్చాడు" అన్న కథలు కుప్పలుగా వచ్చాయి. విచారిస్తే చాలామంది సైనికులు కారు. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికెళ్ళి, 1942 మార్చిలో రంగూన్ పడిపోయే రోజుల్లో అడవుల వెంట కాలినడకన తప్పించుకొచ్చినవాళ్ళు. యుద్ధం వీళ్ళకీ జరిగింది. సైనిక జాబితాలో చేరిస్తే అబద్ధమవుతుంది, తీసేస్తే అన్యాయం. వాళ్ళకి వేరే పేజీ వేశాం, ఊళ్ళోవాళ్ళు దాన్నే ఎక్కువ చదువుతున్నారు.

ఒక కుటుంబంలో అన్న భారత సైన్యంలో చనిపోయాడు, తమ్ముడు 1942 ఫిబ్రవరిలో సింగపూర్ లొంగిపోయినప్పుడు జపాన్‌వాళ్ళకి చిక్కి ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరాడు. మనవలు తమ్ముడి పేజీ ఒక్కటే చాలన్నారు, అన్న తెల్లవాళ్ళ కోసం చచ్చాడని చెప్పుకోవడం ఎందుకని. ఇద్దరి పేజీలూ ఉన్నాయి ఇప్పుడు, ఒకదాన్నుంచి ఇంకోదానికి లింకు ఉంది, వ్యాఖ్యానం ఏమీ రాయలేదు. దీనికి ఒప్పించింది మేము కాదు, ఆ ఇంటి పెద్దకూతురు.

ఎంతవరకు నిజం

ఊరి జ్ఞాపకాన్ని నెట్‌లో పెడితే అది రికార్డు అయిపోతుంది, రేపు ఎవరో దాన్నే ఆధారంగా చూపిస్తారు. కాబట్టి ప్రతి పేరు పక్కనా ఎలా తెలిసిందో మామూలు తెలుగులో రాశాం: కాగితం ఉంది, రెండు వేర్వేరు ఇళ్ళవాళ్ళు చెప్పారు, ఒక్కరే చెప్పారు. రంగులూ నక్షత్రాలూ పెడదామన్నారు మావాళ్ళు. మూడు రకాల మాటలు చాలు, పెద్దవాళ్ళకి కూడా అర్థమవుతాయి. ఒక్కరే చెప్పారు అన్న ముక్క చూసి, దాన్ని రెండుకి పెంచుకోవడానికి బంధువుల్ని వెతికి ఫోన్లు చేసినవాళ్ళున్నారు, ఆ ఫోన్ల వల్ల మాకు తెలియని పేర్లు వేరే ఊరి నుంచి వచ్చాయి.

కాగితం ఎప్పుడూ ఇంటి కథని సమర్థించదు. ఒకాయన తాత శత్రువుతో చేతిపోరాటంలో పోయాడని ఇంట్లో నమ్మకం. రికార్డులో పేరు ఢిల్లీ/కరాచీ 1939–1945 స్మారక జాబితాలో ఉంది, యుద్ధరంగానికి బయట చనిపోయిన అవిభక్త భారత సైన్యంవాళ్ళ జాబితా అది. ఇలాంటివి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, ఫోన్లో చెప్పకూడదు. మాస్టారు ప్రింటు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళారు. ఆయన చదివి, రెండ్రోజులాగి, కథ కూడా రాయండి కానీ మా నాన్న చెప్పేవాడు అని రాయండి అన్నాడు. అలాగే రాశాం.

కాగితాల విషయంలో ఇంకోటి గమనించండి. సిపాయిల సర్వీసు రికార్డుల కోసం లండన్‌కి రాయడం వృథా. అవి ఇక్కడి రెజిమెంటు రికార్డు ఆఫీసుల్లో ఉండాల్సినవి, అడగాలంటే నంబరు కావాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా, కుటుంబసభ్యుల సంతకంతో వెళ్తే దారి కొంచెం సులువు.

సాంకేతికం, క్లుప్తంగా

వాట్సాప్‌లో ఫొటో మామూలుగా పంపితే నలిగిపోయి వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమని ఒక చిన్న వీడియో తీసి పెట్టాం, బడిపిల్లలు మిగతావాళ్ళకి నేర్పారు. పాత ఫొటోలు 600 డీపీఐలో స్కాన్, ఫొటో వెనకవైపు కూడా. స్టూడియో ముద్ర, ఊరు, తేదీ అక్కడే ఉంటాయి. పెన్షన్ పుస్తకం, బ్యాంకు వివరాలు, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు కనిపించే కాగితం ఏదైనా సరే నల్లగా కప్పకుండా ఎక్కించకూడదు, ముసలి వితంతువుల పెన్షన్ల మీద కన్నేసే మోసగాళ్ళు ఉన్నారు. బతికున్నవాళ్ళ వివరాలు వాళ్ళ అనుమతి లేకుండా పెట్టలేదు. పేజీలు సాదాగా ఉంటాయి, తెలుగు యూనికోడ్‌లో, నెట్ సరిగ్గా రాని ఫోన్లో కూడా తెరుచుకునేలా. ఒక కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, ఒక కాపీ ప్రింటు తీసి బైండు చేయించి పంచాయతీ ఆఫీసులో. ఆ బైండు పుస్తకంలో ఎవరైనా పెన్సిల్‌తో దిద్దొచ్చు. ఆన్‌లైన్ దిద్దుబాట్లకంటే పెన్సిల్ దిద్దుబాట్లే ఎక్కువ వచ్చాయి, మాస్టారు నెలకోసారి అవి ఫొటో తీసి పంపిస్తారు, మేం ఎక్కిస్తాం. ఆన్‌లైన్ ప్రాజెక్టులో ముఖ్యమైన భాగం ఒక దారం కట్టిన పెన్సిల్ అని చెబితే నిధులిచ్చేవాళ్ళు నవ్వుతారు గానీ అదే నిజం.

విదేశాల్లో ఉన్న మనవలు గ్రూపులో చేరాక జోరు పెరిగింది, ఫొటోలు బాగా వచ్చాయి, దాంతోపాటు తాతగారి పేజీకి వెనక జెండా, పాట, పేరు ముందు వీరుడు అనే మాట కావాలన్న కోరికలూ వచ్చాయి. ఒకరు డబ్బిస్తాం, మా పేజీ పైన పెట్టండి అన్నారు. అన్ని పేజీలూ ఒకే కొలత, ఒకే రంగు అన్న ఊరి కమిటీ మాట ఇక్కడ మమ్మల్ని కాపాడింది, లేకపోతే వద్దని చెప్పాల్సింది మేమయ్యేవాళ్ళం. కమిటీ అంటే పెద్దదేం కాదు, మాస్టారు, ఆశా కార్యకర్త ఒకావిడ, పేట నుంచి ఆ ఇంజనీరింగ్ కుర్రాడు, సైన్యంలో చేసి వచ్చిన ఒక హవల్దారు. ఆశా కార్యకర్త లేకపోతే చాలా ఇళ్ళ లోపలిదాకా మేం వెళ్ళేవాళ్ళమే కాదు.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన నేషనల్ వార్ మెమోరియల్‌కి వీళ్ళ పేర్లు ఎందుకు ఎక్కవని గ్రూపులో మాటిమాటికీ అడుగుతారు. అక్కడున్నది స్వాతంత్ర్యం తర్వాత అమరులైనవాళ్ళ పేర్లు. ఇండియా గేట్ మీద ఉన్నవి 13 వేల పైచిలుకు, మొదటి యుద్ధంలోనూ 1919 అఫ్గాన్ యుద్ధంలోనూ పోయినవాళ్ళవి. తిరిగొచ్చి పొలం దున్నుకుని ఇంట్లో చనిపోయినవాడికి రెండింట్లోనూ చోటు లేదు. ఊరి పేజీలో ఎక్కువమంది వాళ్ళే.

ఇప్పుడెక్కడున్నాం

మొదటి జాబితాలో సగానికి పైగా గీతలు నిండాయి. మిగిలినవాటిలో కొన్ని నిండవేమో, కుటుంబాలు వలసపోయాయి, కొన్ని ఇళ్ళు నిలవలేదు. పలక మీద చనిపోయారన్న అంకెకీ మేం కాగితంతో తేల్చినవాళ్ళకీ ఒకటి తేడా ఉంది. ఇంకొకరి ఆధారాలు కూడగట్టి, కుటుంబం సంతకంతో వార్ గ్రేవ్స్ కమిషన్‌కి రాశాం, జవాబు రావాలి. పలక కొత్త బడి గేటు పక్కన పెట్టారు, ఈసారి రంగు వేసేవాళ్ళకి చెప్పి మరీ.

పేజీ పాస్‌వర్డ్ మా దగ్గర ఒకటి, ఊరి కమిటీలో ఇద్దరి దగ్గర ఒక్కొక్కటి ఉన్నాయి, డొమైన్ డబ్బు పంచాయతీ కడుతోంది. పక్క మండలంలో రెండు ఊళ్ళు ఫ్లెక్సీ ఫైలు అడిగితే పంపించాం. మేం రావాలంటే మాత్రం, ఇంటింటికీ తిరిగి ఫోన్లెత్తే మనిషి మీ ఊళ్ళో ఎవరో ముందు చెప్పండి అన్నాం. ఒక ఊరు పేరు చెప్పింది, రెండో ఊరు సర్పంచిగారి సెక్రటరీ నంబరు ఇచ్చింది. మొదటి ఊరికి వచ్చే నెల వెళ్తున్నాం.